కాంతికి కొలబద్ద గీచిన కార్మికుడు: జోసెఫ్ ఫ్రౌన్‌హోఫరు

ఢిల్లీలోనున్న ఉద్యోగి గుంటూరులోనున్న తల్లిదండ్రులతో టెలిఫోనులో మాటాడునపుడు, ఆ మాట నేడు దారిలో చాల భాగము రాగితీగపై పోవుట లేదు. తలవెండ్రుకవలె సన్ననిదగు గాజుపోగులో, కంటికి కనిపింపని వెలుగుగా మారి పోవుచున్నది. ఒక్క పోగులో ఒకేసారి అనేక వెలుగులు, ఒక్కొక్కటి వేరువేరు సమాచారమును మోసికొని, ఒకదానితో నొకటి చిక్కుపడక పయనించును. వానిలో కావలసిన యొక్క వెలుగును మాత్రము వెనుకకు త్రిప్పి తక్కినవానిని ముందుకు పోనిచ్చు చిన్న అమరిక యొకటి కలదు. గాజుపోగు లోపలనే, సమానమైన ఎడములతో, వేలకొలది గీతలు ఏర్పరచుటయే ఆ అమరిక. దానిని ఫైబరు గ్రేటింగు అందురు. సమానమైన ఎడములు గల గీతలచేత వెలుతురును రంగులుగా విడదీసి, ఒక్కొక్క రంగు యొక్క తరంగదైర్ఘ్యము ఎంతయో మొట్టమొదట నిక్కచ్చిగా కొలిచినవాడు విశ్వవిద్యాలయపు మెట్లెక్కి చదివినవాడు కాడు. అద్దములకు సానపట్టు పనివాడు. ముప్పదితొమ్మిదేండ్లు మాత్రమే జీవించిన ఆ జోసెఫ్ ఫ్రౌన్‌హోఫరు చరిత్ర ఇది.

ఫ్రౌన్‌హోఫరు 1787 మార్చి 6వ తేదీన బవేరియా దేశమున, డాన్యూబు నది యొడ్డుననున్న స్ట్రౌబింగు పట్టణములో జన్మించెను. బవేరియా నేడు జర్మనీలోని యొక రాష్ట్రము. ఆనాడు ప్రత్యేక ప్రభుత్వము గల దేశము. తండ్రి అద్దములు బిగించు పనివాడు. ఆ దంపతుల సంతానములో జోసెఫ్ పదునొకండవవాడు, కడగొట్టు బిడ్డ. బడికి పోయిన దినములు తక్కువ. తండ్రికి చేతిసాయముగా నుండిన దినములు ఎక్కువ. పదునొకండేండ్లు దాటి పండ్రెండు నిండకమునుపే తల్లిదండ్రు లిరువురును గతించిరి. సంరక్షకులు 1799లో అతనిని మ్యూనిక్ నగరమునకు పంపి, వైక్సెల్‌బెర్గరు అను అద్దముల పనివాని యొద్ద శిష్యునిగా చేర్చిరి. పని నేర్చుకొనువాడు గురువునకు సొమ్ము చెల్లించుట ఆనాటి ఆచారము. సొమ్ము లేనివాడు గనుక, ఆరేండ్లు జీతము లేకుండ పనిచేయవలెనని ఒడంబడిక యైనది.

ఆ గురువు మంచి పనివాడే కాని, శిష్యుడు పుస్తకము పట్టుట అతనికి గిట్టెడిది కాదు. మ్యూనిక్‌లో పనిపిల్లల కొరకు సెలవుదినములలో నడచు పాఠశాల యొకటి యుండెను. అక్కడికి పోవుటకు సెలవు దొరకలేదు. జోసెఫ్ నిద్రించు గదికి కిటికీ లేదు. రాత్రులు దీపము పెట్టుకొనుటకు అనుమతి లేదు. అప్పటికి అతనికి వ్రాత, లెక్కలు రెండును అంతంతమాత్రమే. నేటి కార్యాలయములలోవలె అర్హతల పట్టిక ముందుంచుకొని చూచినచో, ఇట్టి పిల్లవానికి చిన్న గుమాస్తా పనియైనను దొరకియుండునా యనునది సందేహమే.

1801 జూలై 21వ తేదీన ఆ పనిచేయు ఇల్లు హఠాత్తుగా కూలిపోయెను. గురువు భార్య శిథిలముల క్రింద మరణించెను. జోసెఫ్ కూడ వానిక్రిందనే యుండిపోయెను. అయితే దూలములు ఒకదానిపై నొకటి అడ్డముగా పడుటచేత అతని చుట్టును కొంచెము చోటు మిగిలెను. జనులు గుమిగూడి రాళ్లను, కొయ్యలను ఒక్కొక్కటిగా తొలగింపసాగిరి. బవేరియా పాలకుడైన మాక్సిమిలియన్ జోసెఫ్ స్వయముగా అక్కడికి వచ్చి నిలిచెను. కొన్ని గంటల శ్రమకు పిమ్మట బాలుడు ప్రాణములతో బయటపడెను. పాలకుడు సంతసించి అతనికి పదునెనిమిది బంగారు నాణెములు బహూకరించెను. ఆ సమయముననే ఉట్స్‌ష్నైడరు అను పెద్దమనిషియు బాలుని చూచెను. ఇతడు ప్రభుత్వోద్యోగములు చేసినవాడు. పరిశ్రమలు స్థాపించుటయందు ఆసక్తి గలవాడు. తరువాతి కాలమున మ్యూనిక్ నగరమునకు మేయరు కూడ ఆయెను. గణితము, దృక్ శాస్త్రము బోధించు పుస్తకములను ఇతడు బాలునకు తెచ్చియిచ్చెను. సెలవుదినపు పాఠశాలకు పోవుటకును ఇక అడ్డు లేకపోయెను.

పదునాలుగేండ్ల బాలుడు పదునెనిమిది నాణెములతో ఏమి చేయునో ఊహించుట కష్టము కాదు. అయితే ఇతడు ఆ సొమ్ములో కొంత పెట్టి కటకములను సానపట్టు యంత్రమొకటి కొనెను. మిగిలినదానిలో కొంత గురువునకు చెల్లించి, శిష్యరికములో మిగిలిన కడపటి ఆరు నెలలను కొనివేసెను. పిమ్మట సొంతముగా లోహపు రేకులపై అక్షరములు చెక్కి, పరిచయపు కార్డులు అచ్చువేయు వ్యాపారము పెట్టెను. యుద్ధములతో దేశమంతయు తల్లడిల్లుచున్న దినములలో అట్టి కార్డులు కొనువారెవరు? ఆ వ్యాపారము సాగలేదు. తిరిగి పాత గురువు యొద్దనే కూలికి చేరవలసి వచ్చెను. పుస్తకములు మాత్రము విడువలేదు.

ఇతని యదృష్టము అదే యుద్ధముల మూలముగా మారినది. నెపోలియను కాలమున సైన్యములకును, భూమిశిస్తు లెక్కలకును సరియైన పటములు కావలసివచ్చెను. పటములకు భూమి కొలతలు, భూమి కొలతలకు థియోడొలైటులు, వానికి మంచి కటకములు కావలెను. అంతవరకు ఐరోపా ఖండమునకు మేలైన గాజు ఇంగ్లండునుండి వచ్చెడిది. యుద్ధము వలన ఆ దారి మూతపడెను. 1804లో ఉట్స్‌ష్నైడరు, రైఖెన్‌బాఖ్ అను ఇంజనీరుతోను లీబ్‌హెరు అను గడియారముల పనివానితోను కలిసి, మ్యూనిక్‌లో కొలత పనిముట్లు చేయు సంస్థ యొకటి స్థాపించెను. యంత్రభాగములు మేలుగా తయారగుచుండెను గాని కటకములు కుదురలేదు. 1806లో ఫ్రౌన్‌హోఫరును ఆ సంస్థలో చేర్చుకొనిరి. ఆల్ప్స్ పర్వతముల పాదమున బెనెడిక్ట్‌బోయర్న్ అను పల్లెలో ప్రాచీనమైన క్రైస్తవ మఠమొకటి యుండెను. ప్రభుత్వము మఠములను రద్దుచేసినపుడు ఉట్స్‌ష్నైడరు దానిని కొని, అందు గాజు కొలిమి పెట్టించెను. మరుసటి యేట ఫ్రౌన్‌హోఫరు అక్కడికి చేరెను. సన్న్యాసులు శతాబ్దముల తరబడి నివసించిన గదులలో ఇతని శాస్త్ర జీవితము ఆరంభమైనది.

దూరదర్శినిలోని కటకము ఒక్క గాజుతో చేసినచో చూచు వస్తువు చుట్టును రంగుల అంచులు కనబడును. ఈ దోషము పోవుటకు రెండు జాతుల గాజులను జతచేయవలెను. అందొకటి మామూలు క్రౌను గాజు. రెండవది సీసము కలిపిన ఫ్లింటు గాజు. ఫ్లింటు గాజును కరగించునపుడు బరువైన పాలు అడుగునకు దిగి, తేలికయైన పాలు పైకి తేలును. చల్లారిన పిమ్మట చూడగా లోపల చారలు! అరచేయి వెడల్పుగల నిర్దోషమైన ఫ్లింటు ముక్క దొరకుటయే ఆ దినములలో గగనము. స్విట్జర్లాండు దేశీయుడైన పియరీ లూయీ గినాన్ అను వృద్ధుడు, కాల్చిన మట్టితో చేసిన కోలతో ద్రవమును ఎడతెగక కలియబెట్టు పద్ధతి కనిపెట్టెను. అతడు బెనెడిక్ట్‌బోయర్న్ కొలిమిలో పనికి కుదిరి యుండెను. 1809 నాటికి ఇరువదిరెండేండ్ల ఫ్రౌన్‌హోఫరు సంస్థలో భాగస్వామి స్థానమునకు వచ్చి, ఆ వృద్ధుని పనిలోను వేలు పెట్టెను. ఇరువురికి పొసగలేదు. కొన్నేండ్లలో గినాన్ స్వదేశమునకు మరలిపోయెను. వృద్ధుడు చిరకాలము శ్రమించి సాధించిన విద్యపై యువకుడు పేరు తెచ్చుకొనెనని తలచువారు లేకపోలేదు; ఆ తలంపులో కొంత న్యాయమున్నది. అయినను గినాన్ విద్య చేతి యలవాటు. ఏ పాలు ఎంత కలిపిన ఏ గాజు వచ్చునో, అది ఏ రంగును ఎంత వంచునో లెక్కించి చెప్పు విధానము ఫ్రౌన్‌హోఫరుతోనే వచ్చినది.

ఆ లెక్కకొక పెద్ద అడ్డు వచ్చినది. గాజు ఎరుపును ఇంత, పసుపును ఇంత, నీలమును ఇంత వంచునని కొలువవలెను. కాని వర్ణపటమున ఎరుపు ఎక్కడ ముగియును? పసుపు ఎక్కడ ఆరంభమగును? ఒక రంగు తెలియకుండ మరియొక రంగులో కలిసిపోవును. ఇరువురు కొలిచినచో రెండు లెక్కలు వచ్చును. హద్దురాయి లేని పొలమును కొలుచుటవంటిదే ఈ పని. దీపజ్వాల వెలుగును పట్టకము గుండ చూచినపుడు పసుపుచాయలో ప్రకాశవంతమైన సన్నని గీత యొకటి కనబడుట ఫ్రౌన్‌హోఫరు గమనించెను. అది ఎప్పుడును అదే చోట నుండును. ఇట్టి హద్దు సూర్యకాంతిలోను ఉండునా యని చూడదలచి, కిటికీ తలుపులో సన్నని చీలిక చేసి, చీకటిగదిలోనికి ఎండను రానిచ్చి, దూరముగా పట్టకమును, దాని వెనుక థియోడొలైటు దూరదర్శినిని అమర్చెను.

ప్రకాశించు గీతను వెదకినవానికి కనబడినవి నల్లని గీతలు. ఒకటి కాదు, పది కాదు. వర్ణపటము పొడవునను నిలువుగా వందలకొలది. కొన్ని దట్టమైనవి, కొన్ని సాలెపోగుకంటె సన్ననివి. 1802లో ఇంగ్లండున వోలస్టన్ అను శాస్త్రజ్ఞుడు వీనిలో కొన్నిటిని చూచియుండెను. కాని అవి రంగుల నడుమ సహజమైన సరిహద్దులని తలచి ఊరకుండెను. ఫ్రౌన్‌హోఫరు చీలికను మార్చి చూచెను, పట్టకమును మార్చెను, గాజు జాతిని మార్చెను. గీతలు తమ రంగుల చోటు విడువలేదు. కావున అవి పనిముట్టు వలన వచ్చినవి కావు, సూర్యకాంతిలోనివే యని తేల్చెను. 574 గీతలను లెక్కించి, ముఖ్యమైనవానికి ఎరుపునుండి ఊదావరకు ఏ, బి, సి, డి అని వరుసగా అక్షరములు పెట్టెను. ఇరువదియేడేండ్ల వయస్సున, 1814లో, సాగిన యీ పని 1817లో బవేరియా విజ్ఞాన పరిషత్తు సంపుటమున అచ్చయ్యెను. శుక్రగ్రహపు వెలుగులోను సూర్యుని గీతలే యుండుటను, సిరియస్ నక్షత్రపు వెలుగులో వేరు విధమైన గీతలుండుటను కూడ ఇతడు చూచెను. దీపపు పసుపు గీతయు, సూర్యునిలోని డి అను నల్ల గీతయు ఒకే చోట నుండుటయు ఇతని కంట పడెను. కారణము మాత్రము వెదకలేదు. ఇతనికి కావలసినది హద్దురాయి, అది దొరకినది. ఆ గీతల యాధారముతో గాజుల వక్రీభవన గుణకములను ఆరు దశాంశ స్థానముల వరకు కొలిచి పట్టికలు వేసెను. ఆనాటినుండి కటకము తయారుచేయుట అదృష్టముపై ఆధారపడు పని కాకుండ పోయినది.

1819లో సంస్థ దృక్ సాధనముల శాఖ మ్యూనిక్‌నకు మారెను. గాజు కొలిమి మాత్రము పల్లెలోనే నిలిచెను. ఆ తరువాతి నాలుగేండ్లలో జరిగిన పనియే గ్రేటింగుల పని. పట్టకము రంగులను విడదీయును గాని, ఎంతగా విడదీయుననునది ఆ గాజు గుణముపై ఆధారపడును. గాజు మారిన కొలది గీతల ఎడములును మారును. అట్లుగాక, ఏ గాజుతోను సంబంధము లేని కొలత కావలెనన్నచో ఏమి చేయవలెను? వెలుతురు తరంగమని ఇంగ్లండున థామస్ యంగ్, ఫ్రాన్సున ఫ్రెనెల్ వాదించుచుండిన కాలమది. సన్నని సందు గుండ పోవునపుడు వెలుతురు ప్రక్కలకు వంగును. సమానమైన ఎడములతో అనేకమైన సందులున్నచో, ప్రతి సందునుండి వచ్చు తరంగములు ఒకానొక దిక్కున మాత్రమే ఒకదానికొకటి తోడై బలపడును. తక్కిన దిక్కుల నశించును. ఆ దిక్కు ఒక్కొక్క రంగునకు వేరు. సందుల ఎడమును, వంగిన కోణమును తెలిసికొన్నచో ఆ రంగు తరంగదైర్ఘ్యము లెక్కకు వచ్చును. నడుమ గాజు గుణము జోలి లేదు.

ఇట్టి సాధనము అంతకు పూర్వము లేదని కాదు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున రిట్టెన్‌హౌస్ 1785లో రెండు మరల నడుమ వెండ్రుకలు సాగదీసి ఇట్టిదే చేసియుండెను. కాని దానిని ఎవరును ముందుకు తీసికొని పోలేదు. ఫ్రౌన్‌హోఫరు ఆ సంగతి నెరిగినట్లు కనబడదు. అతడును రెండు సన్నని మరలను ఎదురెదురుగ బిగించి, వాని గాడులమీదుగా సన్నని తీగను చుట్టెను. అట్లు చుట్టిన తీగల వరుసయే మొదటి గ్రేటింగు. దానిని దూరదర్శిని యెదుట పెట్టి చూడగా, ఇరుప్రక్కలను వర్ణపటములు, వానిలో తాను పేరుపెట్టిన నల్ల గీతలు అన్నియు కనబడెను. ఎడము తగ్గిన కొలది రంగులు ఎక్కువ ఎడముగా విడిపోవునని గ్రహించి, తీగలతో సాధ్యము కాని సన్నదనము కొరకు గాజుపలకపై బంగారు రేకు అంటించి దానిపై గీతలు గీచెను. అదియు చాలక, గాజుపైననే వజ్రపు మొనతో గీచుటకు పూనుకొనెను.

ఇక్కడనే ఇతని చేతిపని యొక్క గొప్పతనము తెలియవలెను. మిల్లీమీటరు వెడల్పులో నూరు గీతలకు మించి గీయవలెను. ఒకదానికొకటి తాకరాదు, లోతు మారరాదు, అన్నిటికంటె ముఖ్యముగా ఎడము తప్పరాదు. ఒక ఎడము కొంచె మెక్కువై, ప్రక్కది కొంచెము తక్కువైనచో వర్ణపటమున గీతలు మసకబారును. వజ్రపు మొన నడుమ అరిగినచో అప్పటివరకు పడిన శ్రమ యంతయు వ్యర్థము. వేలకొలది గీతలలో ఒక్కటియైనను చెడరాదని కూర్చుండు ఓర్పు పుస్తకములనుండి వచ్చునది కాదు; కిటికీ లేని గదిలో పడుకొని, అద్దములకు మెరుగుపెట్టుచు గడపిన బాల్యమునుండి వచ్చి యుండవలెను. గీతల ఆకారమును బట్టి ఒక ప్రక్క వర్ణపటము రెండవ ప్రక్కదానికంటె ఎక్కువ ప్రకాశించుటను కూడ ఇతడు గుర్తించెను. 1821లోను, 1823లోను ఈ పరిశోధనలను ప్రకటించెను. డి గీత తరంగదైర్ఘ్యమునకు ఇతడు కట్టిన లెక్కకును నేటి లెక్కకును గల తేడా వెయ్యింట ఒక వంతునకు లోపలనే యున్నది.

ఇంత చేసినవానికి స్వదేశపు విద్వత్సభ తలుపులు సులభముగ తెరువలేదు. విజ్ఞాన పరిషత్తులో సభ్యత్వము ప్రతిపాదనకు వచ్చినపుడు కొందరు సభ్యులు ఆక్షేపించిరి. ఉన్నత పాఠశాలలో చదువలేదనియు, విశ్వవిద్యాలయ పట్టము లేదనియు, చేతిపనివానిని పండితుల సరసన కూర్చుండబెట్టుట తగదనియు వారి వాదము. వారి పరిషత్తే అచ్చువేసిన వ్యాసమును ఐరోపా యంతట చదువుచుండగా ఈ యాక్షేపణ జరిగినది! చిన్న తరగతి సభ్యత్వములతో మొదలుపెట్టి మెల్లమెల్లగా మాత్రమే లోనికి రానిచ్చిరి. 1822లో ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయము గౌరవ డాక్టరు పట్టము నిచ్చెను. 1823లో పరిషత్తు భౌతిక సాధనముల సంగ్రహాలయమునకు ఇతడు పర్యవేక్షకుడాయెను. 1824లో రాజు ప్రభువంశ గౌరవమును ప్రసాదించెను.

న్యాయముగా చెప్పవలెనన్నచో, ఆక్షేపించినవారి మాటలలో ఒకదానికి మాత్రము ఆధారము లేకపోలేదు. విద్వాంసుడు తాను తెలిసికొన్నదానిని దాచడు. ఫ్రౌన్‌హోఫరు గీతలను గూర్చి, గ్రేటింగులను గూర్చి దాచకుండ వ్రాసెను. కాని గాజు చేయు రహస్యమును ఒక్క వాక్యమైనను ప్రకటింపలేదు. అది సంస్థ సొత్తు. దానిపైననే అందరి జీవనమును ఆధారపడియుండెను. 1824లో ఇంగ్లండునుండి జాన్ హెర్షెల్ చూడవచ్చినపుడు నల్ల గీతలు కనులార చూచిపోయెను గాని గాజు మర్మము తెలిసికొనకయే మరలెను. ఆ రహస్యమును సొంతముగా కనిపెట్టవలెనని ఇంగ్లండువారు పూనుకొని, 1825 మొదలుకొని ఫారడే వంటి మహనీయుని కొన్నేండ్లపాటు గాజు కొలిమి ముందు కూర్చుండబెట్టిరి. ఫారడే యెంతయో శ్రమించెను, గాని బవేరియా గాజుతో సరితూగునది చేయలేకపోయెను. పట్టు విడువని ఇద్దరు పనివారి బిడ్డలు, ఒకడు దాచుచు ఒకడు వెదకుచు, ఆ యేండ్లు గడచినవి. తుదకు రహస్యము వెలువడినది ఫ్రౌన్‌హోఫరు ఇంటినుండి కాదు. అలిగి వెడలిపోయిన గినాన్ కుటుంబము ద్వారా ఫ్రాన్సునకును, అక్కడినుండి ఇంగ్లండునకును ప్రాకినది.

1824లో రష్యా చక్రవర్తి పాలనలో నుండిన డోర్పాట్ నగరపు వేధశాలకు ఫ్రౌన్‌హోఫరు పెద్ద దూరదర్శిని నొకటి పంపెను. ఆ నగరము నేడు ఎస్టోనియా దేశమున టార్టు అను పేర నున్నది. దూరదర్శిని కటకము వ్యాసము సుమారు 24 సెంటీమీటర్లు. నక్షత్రము కదలిన కొలది దానిని వెంబడించు గడియారపు యంత్రము కూడ దానికి అమర్చెను. దానితో స్ట్రూవే మూడువేలకు మించిన జంట నక్షత్రములను గుర్తించెను. ఇతని తరువాత సంస్థ పూర్తిచేసిన మరియొక సాధనముతో కోనిగ్స్‌బర్గున బెస్సెల్ 1838లో ఒక నక్షత్రపు దూరమును కొలిచెను. బెర్లినులో నిలిపిన దూరదర్శినితో గాలే 1846లో నెప్ట్యూను గ్రహమును చూచెను.

ఇవేవియు చూచుటకు ఇతడు బ్రతికియుండలేదు. చిన్ననాటినుండియు దృఢమైన శరీరము కాదు. కొలిమి వేడిమి, సీసపు పొగ, విశ్రాంతి యెరుగని పని. 1825లో క్షయవ్యాధి బలపడెను. వివాహము చేసికొనలేదు, పనియే సంసారము. పడకమీదనుండియే గాజు పాళ్లను ఉట్స్‌ష్నైడరునకు చెప్పి వ్రాయించెనందురు. 1826 జూన్ 7వ తేదీన కన్నుమూసెను. అంతకు రెండు వారములు మాత్రము ముందు మరణించిన రైఖెన్‌బాఖ్ సమాధి ప్రక్కనే ఇతనిని కూడ ఖననము చేసిరి.

నల్ల గీతల అర్థము 1859లో హైడెల్‌బర్గున కిర్ఖాఫ్, బున్సెన్ అను ఇరువురు పండితులచే తేలినది. ప్రతి మూలకమునకును తనవైన గీతలు కలవు. వేడి ఆవిరి ఏ రంగును వెలువరించునో ఆ రంగునే పీల్చుకొనును. డి గీత సోడియమునకు గురుతు. ఫ్రౌన్‌హోఫరు హద్దురాళ్లుగా వాడుకొన్న గీతలు సూర్యుని చిరునామా వ్రాసిన అక్షరములని అపుడు తెలిసినది.

ఇక్కడ తెలుగుదేశమునకు ఈ కథతో సంబంధము కలిగినది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము మన తీరమీదుగా సాగెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరులో తన సాధనములు నిలిపి, సూర్యుని అంచున లేచు జ్వాలల వెలుగును వర్ణపటముగా పరిశీలించెను. నల్ల గీతలకు మారుగా అక్కడ ప్రకాశించు గీతలు కనబడెను. గ్రహణము లేకున్నను వానిని చూడవచ్చునని తోచి, మరునాడే గుంటూరులో చూచి చూపెను. మద్రాసు వేధశాలాధిపతి పాగ్సన్ ఆ గ్రహణమునే బందరునుండి చూచెను. జ్వాలలలోని పసుపు గీత డి గీతకు సమీపమున నున్నదే గాని, ఖచ్చితముగా డి గీతయే యని చెప్పుటకు వీలులేకపోయెను. అదే యేట అక్టోబరులో ఇంగ్లండున లాక్యర్ అది వేరు గీతయని నిశ్చయించెను. దాని మూలకమునకు హీలియమను పేరు పెట్టిరి. భూమిపై అది దొరకుటకు 1895 వరకు కాలము పట్టినది. బవేరియా మఠములో ఒక పనివాడు పెట్టిన అక్షరము, ఏబదినాలుగేండ్లకు మన బందరులో, గుంటూరులో పండితుల నోట మెదలినది.

గ్రేటింగు కథ అక్కడ ఆగలేదు. 1882లో అమెరికాలోని బాల్టిమోరున రోలండు అంగుళమునకు 14,000కు పైగా గీతలు గీయు యంత్రము నిర్మించెను. 1912లో యువకుడైన లారెన్సు బ్రాగ్, స్ఫటికములోని అణువుల పొరలు కూడ ప్రకృతి గీచిన గ్రేటింగువంటివే యని, ఎక్స్ కిరణములు ఏ కోణమున వెనుకకు మరలునో చూపు సూత్రమును కనుగొనెను. 1960లో లేసరు వచ్చెను. 1966లో చార్లెస్ కావో, హాకమ్ కలిసి, గాజుపోగులో వెలుతురు మధ్యలోనే నశించుటకు దోషము గాజులోని మలినములదే గాని గాజుది కాదని వాదించిరి. నాలుగేండ్లకు అమెరికాలోని కార్నింగ్ సంస్థవారు తగినంత శుద్ధమైన పోగును తీసి చూపిరి. ఫ్రౌన్‌హోఫరు కొలిమి ముందు పడిన చిక్కే, నూటయేబది యేండ్ల తరువాత మరియొక రూపమున తిరిగి వచ్చినదన్నమాట.

1978లో కెనడాలోని ఒట్టావాలో కెన్నెత్ హిల్, ఆయన సహచరులు జెర్మేనియము కలిసిన గాజుపోగులోనికి లేసరు వెలుగును పంపి చూచుచుండగా, లోపలినుండి మరలివచ్చు వెలుగు నిమిష నిమిషమునకు పెరుగజొచ్చెను. ముందుకు పోవు వెలుగును, వెనుకకు వచ్చు వెలుగును కలిసి, గాజు గుణమును సమానమైన ఎడములతో మార్చుచు, తమంత తామే గీతలు గీచుచున్నవని తేలినది. 1989లో అమెరికా పరిశోధకులు అతినీలలోహిత కిరణములను ప్రక్కనుండి ప్రసరింపజేసి, కోరిన ఎడముతో గీతలేర్పరచు మార్గమును చూపిరి. ఇందు వజ్రపు మొన లేదు, గాటు లేదు, గాజు వక్రీభవన గుణకము కొంచెము పెరిగి తగ్గుచుండుటయే గీత. ఒక్కొక్క గీతవద్ద వెలుగులో అత్యల్ప భాగమే మరలును. గీతల ఎడమునకు సరిపడిన తరంగదైర్ఘ్యము గల వెలుగు విషయమున మాత్రము ఆ అల్ప భాగములన్నియు ఒకదానికొకటి తోడై అద్దమువలె పనిచేయును. తక్కిన వెలుగునకు ఆ గీతలు లేనట్లే. కావున ఒక పోగులో పోవు అనేక వెలుగులలో ఒకదానిని వేరుచేయుటకును, పోగుతోనే చేసిన లేసరునకు రెండు చివరల అద్దములుగా నుండుటకును, దూరప్రయాణములో చెదరిన సంకేతములను తిరిగి కూర్చుటకును ఇవి ఉపయోగపడుచున్నవి. వంతెనలు మొదలగు కట్టడములలో బిగువును, వేడిమిని తెలిసికొనుటకును వీనినే పొదుగుచున్నారు. దూరవార్తలకు వాడు వెలుగు విషయమున, ఒక్క సెంటీమీటరు పొడవు గ్రేటింగులో ఇట్టి గీతలు 18,000కు మించి యుండును.

డోర్పాటునకు పంపిన దూరదర్శిని టార్టులోని పాత వేధశాలలో నేటికిని కలదు. నెప్ట్యూనును చూపిన దూరదర్శినిని మ్యూనిక్‌లోని జర్మను మ్యూజియములో నుంచిరి. బెనెడిక్ట్‌బోయర్న్ మఠము ప్రక్కన, గినాన్, ఫ్రౌన్‌హోఫరు గాజు కరగించిన కొలిమియిల్లు కూడ చెడకుండ కాపాడబడుచున్నది. చూడగోరువారు పోయి చూడవచ్చును.